నా సైకాలజిస్ట్ కోర్టుకు లెటర్ ఎందుకివ్వనంది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బాబుకి ఎనిమిదేళ్లు. మూడేళ్ల క్రితం నాకు డిప్రెషన్ వచ్చింది. నిద్ర లేదు, తిండి సహించేది కాదు, స్కూలుకి సెలవు పెట్టి పడుకునేదాన్ని. సైకియాట్రిస్ట్ దగ్గర కొన్నాళ్లు మందులు వాడాను. ఆయనే నన్ను ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఇప్పుడు మందులు లేవు, ఆవిడ దగ్గరికి మాత్రం నెలకోసారి వెళ్తున్నాను. నేను మళ్లీ మనిషినయ్యానంటే ఆవిడ వల్లే.

ఏడాదిగా బాబుతో పుట్టింట్లో ఉంటున్నాను. మావారు విడాకులకి, బాబు కస్టడీకి కేసు వేశారు. ‘ఆమెకి మతిస్థిమితం లేదు, పిల్లాడు ఆమె దగ్గర క్షేమంగా ఉండడు’ అని పిటిషన్‌లో రాసి, నా పాత మందుల చీటీలు జత చేశారు. మా లాయరు గారేమో ‘మీరు ఫిట్ అని, బాబు మీ దగ్గరే ఉండాలని మీ సైకాలజిస్ట్ చేత లెటర్ రాయించుకు రండి’ అన్నారు. అడిగితే ఆవిడ రాయనన్నారు. ట్రీట్‌మెంట్ వివరాలు కావాలంటే ఇస్తానని, కస్టడీ గురించి చెప్పడం తన పని కాదని అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆవిడ కూడా నన్ను నమ్మట్లేదా? హైదరాబాద్‌లో ఎవరో డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇస్తారట, అక్కడికి వెళ్దామంటున్నారు లాయరు గారు. ఇంకో భయం కూడా ఉంది. బాగా బాలేని రోజుల్లో ‘వీడు పుట్టకపోయుంటే బాగుండేది’ అని ఆవిడతో అన్నాను. అది కోర్టులో బయటికొస్తుందా?

– పేరు రాయలేని ఒక అమ్మ, గుంటూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ సైకాలజిస్ట్ చేసింది సరైన పని. మిమ్మల్ని నమ్మక కాదు ఆవిడ రాయనన్నది. మీరు అడిగిన లెటర్ రాసే అర్హత ఆ స్థానంలో ఉన్న ఎవరికీ ఉండదు. అది తెలిసిన మనిషి కాబట్టి కాదన్నారు. ఆవిణ్ని వదులుకోకండి. హైదరాబాద్ సర్టిఫికెట్ జోలికి అసలు వెళ్లకండి.

మీ లాయరు గారు అడిగిన దాంట్లో రెండు వేర్వేరు ఉద్యోగాలు కలిసిపోయాయి. ఒకటి చికిత్స చేసే సైకాలజిస్ట్‌ది. రెండోది కోర్టు కోసం పరీక్షించి రిపోర్టు రాసే సైకాలజిస్ట్‌ది. చదువు ఒకటే కావచ్చు, గోడ మీద డిగ్రీ ఒకటే కావచ్చు. కానీ ఒకే కేసులో ఒకే మనిషి ఆ రెండూ చేయకూడదు.

చికిత్స గదిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. మీరు చెప్తారు, ఆవిడ వింటారు. ‘ఆయన నన్ను పట్టించుకోలేదు’ అని మీరంటే ‘నిజమేనా? సాక్ష్యం ఏది?’ అని అడగరు. మీవారికి ఫోన్ చేసి సరిచూసుకోరు. మీకెలా అనిపించిందో అదే ఆవిడకి ముఖ్యం, ఎందుకంటే మీ బాధ తగ్గించడం ఆవిడ పని. ఆ గదిలో ఆవిడ మీ మనిషి. అలా ఉండబట్టే మీరు తేరుకున్నారు.

కోర్టుకి రిపోర్టు రాసే మనిషి అలా ఉండకూడదు. ఆమె ఎవరి పక్షమూ కాదు. మీరు చెప్పింది విని, మీవారు చెప్పింది కూడా విని, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అనుమానించాలి. స్కూలు వాళ్లని అడగాలి, పాత రికార్డులు తిరగేయాలి. బాబు మీతో ఎలా ఉన్నాడో, వాళ్ల నాన్నతో ఎలా ఉన్నాడో విడివిడిగా చూడాలి. అవసరమైతే మీ ఇద్దరికీ ఒకే రకం మానసిక పరీక్షలు పెట్టాలి. అన్నిటికంటే ముందు, మొదటి నిమిషంలోనే ‘మీరు ఇక్కడ చెప్పేది నా దగ్గరే ఉండదు, జడ్జి గారికి చేరుతుంది’ అని చెప్పాలి. మూడేళ్ల క్రితం మీ సైకాలజిస్ట్ ఆ మాట చెప్పి ఉంటే మీరు నోరు విప్పేవారా?

ఇప్పుడు ఆవిడ మొహమాటానికి పోయి ఆ లెటర్ రాశారనుకుందాం. అవతలి లాయరు ఊరుకోడు. ఆవిణ్ని బోనెక్కిస్తాడు.

‘మేడమ్, ఆ తండ్రిని మీరెప్పుడైనా కలిశారా?’

‘లేదండీ.’

‘పిల్లాణ్ని పరీక్షించారా?’

‘లేదు.’

‘అయితే ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలిసిందంతా ఈమె చెప్పిందే కదా?’

‘అవును.’

‘ఈమె మీకు ఫీజు ఇస్తారు కదా?’

‘ఇస్తారు.’

‘మరి తండ్రి దగ్గర కంటే తల్లి దగ్గరే పిల్లాడు బాగుంటాడని ఏ ఆధారంతో రాశారు?’

ఇక్కడితో లెటర్ పని అయిపోయింది. మీకు జరిగే అసలు నష్టం దీని తర్వాత. ‘ఈ అభిప్రాయానికి ఏ సెషన్ల ఆధారంగా వచ్చారో ఆ నోట్సు మొత్తం తెప్పించండి’ అని అడుగుతాడు. మీరు దేనికి భయపడుతున్నారో ఆ వాక్యం అందులోనే ఉండొచ్చు. అంటే ఆవిడ రాయనని చెప్పడం వల్ల మీ గది తలుపు ఇంకా మూసే ఉంది. కోర్టు కేసులు చూసిన సైకాలజిస్టులందరికీ ఈ సంగతి తెలుసు. ఫ్యామిలీ కేసులు చూసే లాయర్లలో మాత్రం చాలామంది దీన్ని పట్టించుకోరు. సైకాలజిస్ట్ అంటే లెటర్‌హెడ్ ఉన్న సాక్షి అనుకుంటారు.

మరి ఆవిడ ఇస్తానన్న ట్రీట్‌మెంట్ వివరాలు? అవి తీసుకోండి. మీరు అనుకుంటున్నదానికంటే అదే గట్టి కాగితం. ఎప్పటినుంచి వస్తున్నారు, ఏ సమస్యతో వచ్చారు, క్రమం తప్పకుండా వచ్చారా, ఎలాంటి థెరపీ జరిగింది, లక్షణాలు ఎంతవరకు తగ్గాయి, ఇప్పుడెలా ఉన్నారు – ఇంతే ఉండాలి. ‘మంచి తల్లి’ అన్న మాట ఉండకూడదు, భర్త గురించి ఒక్క ముక్క ఉండకూడదు. ఇవన్నీ ఆవిడ కళ్లారా చూసినవి, తన రికార్డులో ఉన్నవి. బోనులో నిలబెట్టినా చెప్పగలరు. సైకియాట్రిస్ట్ గారిని కూడా అడగండి: రోగనిర్ధారణ ఏమిటి, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు. తగ్గిందని డాక్టరు చెప్తే ఆపడం వేరు, మీ అంతట మీరు మానేయడం వేరు. ఇది కాగితం మీద ఉండటం మీకు చాలా అవసరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం మీ బేసిక్ మెడికల్ రికార్డులు పొందే హక్కు మీకుంది, కాబట్టి బతిమాలక్కర్లేదు.

మందుల చీటీల సంగతికి వద్దాం. డిప్రెషన్‌కి మందు వాడినంత మాత్రాన చట్టం దృష్టిలో ‘మతిస్థిమితం లేని’ మనిషి అయిపోరు. ఇది నా సానుభూతి మాట కాదు, అదే 2017 చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది: మానసిక వ్యాధి ఉందని తేలినా, కోర్టు అలా ప్రకటిస్తే తప్ప, ఆ ఒక్క కారణంతో మతిస్థిమితం లేదని అనుకోకూడదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక వ్యాధి విడాకులకి ఒక కారణంగా ఉన్న మాట నిజమే. అయితే ఆ వ్యాధి ఏ రకంది, ఏ స్థాయిలో ఉంది, దానితో అవతలి మనిషి కాపురం చేయడం సాధ్యమా కాదా అన్నది నిరూపించాలి. వ్యాధి పేరు చెప్తే చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అది స్కిజోఫ్రీనియా, అంటే లేనిది ఉన్నట్టు భ్రమపడే తీవ్రమైన మానసిక జబ్బు కేసు. 2013లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఇంకో కేసులోనూ అదే జబ్బు పేరు చెప్పి భర్త విడాకులు అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్కిజోఫ్రీనియాకే అలా అన్నప్పుడు, తగ్గిపోయి మందులు కూడా ఆగిపోయిన మీ డిప్రెషన్ గురించి ఎంత భయపడాలో మీరే ఆలోచించండి.

మీ లాయరు గారికి 2017 చట్టంలోనే ఇంకో సెక్షన్ చూపించండి, 105. కోర్టులో ఒకరి మానసిక వ్యాధికి రుజువంటూ ఏదైనా పెడితే, దాన్ని రెండో పక్షం కాదంటే, కోర్టు ఆ విషయాన్ని ఆ చట్టం కింద ఏర్పడే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి పంపాలి. బోర్డు తనంతట తాను గానీ, నిపుణుల కమిటీ చేత గానీ పరీక్షించి అభిప్రాయం చెప్పాలి. ఇక అవతలివాళ్లు ‘ఈమెకి వైద్య పరీక్ష చేయించండి’ అని పిటిషన్ వేస్తే ఏమిటి? ఫ్యామిలీ కోర్టుకి ఆ అధికారం ఉందని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే అడిగిందే తడవుగా ఇవ్వడానికి లేదు, అడిగినవాళ్లు తగినంత ఆధారం చూపాలి. కోర్టు ఆదేశించాక మీరు వెళ్లనంటే మాత్రం దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకునే వీలుంది. కాబట్టి ఆదేశం వస్తే వెళ్లండి, దాచాల్సింది మీ దగ్గర ఏమీ లేదు.

అసలు మీ లాయరు గారు అడగాల్సింది లెటర్ కాదు. తల్లిదండ్రులిద్దరినీ, బాబునీ కలిపి పరీక్షించడానికి కోర్టు తరఫున ఒక నిపుణుణ్ని నియమించమని పిటిషన్ వేయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984, 12వ సెక్షన్ కోర్టుకి ఆ వీలు కల్పిస్తోంది. అలా వచ్చిన రిపోర్టుకి విలువ ఉంటుంది, ఎందుకంటే ఆ మనిషిని తెచ్చుకున్నది మీరూ కాదు, మీవారూ కాదు. జడ్జి గారు ఆ రిపోర్టుకి కట్టుబడాలని లేదు. నిపుణులు చెప్పేది అభిప్రాయమే, నిర్ణయం కోర్టుది. అయినా మందుల చీటీలకి జవాబుగా దీనికంటే బలమైనది నాకు తోచడం లేదు. ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తాను. జిల్లాల్లో ఈ పని తెలిసిన క్లినికల్ సైకాలజిస్టులు తక్కువ. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోటికో, మెడికల్ కాలేజీ ఆసుపత్రికో పంపితే వాయిదాల మీద వాయిదాలు పడతాయి. ఓపిక పట్టాలి.

అక్కడికి వెళ్లినప్పుడు మీ సైకాలజిస్ట్‌తో మాట్లాడినట్టు మాట్లాడకండి. అబద్ధం చెప్పమని కాదు, వీళ్లు ఎవరి కోసం పనిచేస్తున్నారో మర్చిపోవద్దని. డిప్రెషన్ వచ్చిందా అంటే వచ్చిందనే చెప్పండి, ఎలా బయటపడ్డారో చెప్పండి. ఏ లోపమూ లేని తల్లిలా కనపడాలని చూసేవాళ్లని ఆ పరీక్షలు ఇట్టే పట్టేస్తాయి. వాటిలో అలాంటి దాపరికాన్ని కొలిచే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. బాబుకి ఏం చెప్పాలో ముందు నేర్పించి తీసుకెళ్లకండి. ఎనిమిదేళ్ల పిల్లాడు పెద్దవాళ్ల మాటలు అప్పజెప్తుంటే రోజూ పిల్లలతో పనిచేసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఆ తప్పు మీ ఖాతాలో పడుతుంది.

ఫ్యామిలీ కోర్టులోనే ఒక కౌన్సెలర్ కూడా ఉంటారు. ఆ కౌన్సెలర్ చికిత్స చేసే మనిషి కాదు, పరీక్షించే మనిషీ కాదు. మీ ఇద్దరి మధ్యా రాజీ కుదురుతుందేమో చూడటం ముఖ్యంగా ఆ పోస్టు పని. సైకాలజీ చదివే ఉండాలనేం లేదు. అక్కడ కూర్చోగానే ‘నేను చెప్పేది జడ్జి గారికి వెళ్తుందా, ఎంతవరకు వెళ్తుంది?’ అని అడగండి. ఇది ఎవరి దగ్గరైనా అడగదగ్గ ప్రశ్నే.

మన దగ్గర ఈ గందరగోళం ఇంత ఉండటానికి ఒక కారణం, ‘సైకాలజిస్ట్’ అన్న బోర్డు ఎవరు పెట్టుకున్నా అడిగేవాళ్లు తక్కువ కావడం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. థెరపీ, మానసిక పరీక్షలు వాళ్ల పని. ఎంఫిల్ లాంటి శిక్షణ పూర్తిచేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. వారాంతపు కోర్సు చేసి కౌన్సెలర్ అనిపించుకునేవాళ్లు వేరు. వాళ్లలోనూ మంచి మనసున్నవాళ్లు ఉంటారు, కాదనను. కానీ కోర్టులో అడిగే మొదటి ప్రశ్నే అర్హత గురించి. హైదరాబాద్‌లో డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే మనిషి ఈ ప్రశ్న దగ్గర నిలబడినా, ‘ఈమెని ఎన్ని గంటలు చూశారు, ఏ పరీక్షలు చేశారు, వాటి జవాబు పత్రాలు ఏవి?’ అన్న రెండో ప్రశ్న దగ్గర నిలబడరు. అప్పుడు పోయేది సర్టిఫికెట్ విలువ ఒక్కటే కాదు. నిజాయితీగా వైద్యం చేయించుకున్న మనిషి అన్న మీ పేరు కూడా పోతుంది. ఈ కేసులో మీకున్న పెద్ద ఆస్తి అదే. ఆ సలహా ఇచ్చిన లాయరు గారి గురించి కూడా ఒకసారి ఆలోచించుకోండి. లాయర్ని మార్చాలనిపిస్తే, ఖర్చు గురించి వెనకాడక్కర్లేదు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వచ్చు.

ఇక మీరు అన్న ఆ మాట.

‘వీడు పుట్టకపోయుంటే బాగుండేది’ అన్న మాట డిప్రెషన్‌లో ఉన్న తల్లుల దగ్గర వినని సైకాలజిస్ట్ ఉండరు. నేను ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ విన్నాను. చాలాసార్లు దాని వెనక ఉండేది పిల్లాడి మీద కోపం కాదు, ‘నాలాంటి తల్లికి పుట్టాడు పాపం’ అన్న జాలి, తన మీద తనకి అసహ్యం. అలాంటి మాట విన్న ప్రతిసారీ మేం ఇంకో ప్రశ్న అడుగుతాం, పిల్లాడికి ఏమైనా చేయాలనిపించిందా అని. మీ సైకాలజిస్ట్ కూడా అడిగే ఉంటారు. ప్రమాదం ఉందనిపిస్తే అప్పుడే ఇంట్లోవాళ్లకి చెప్పేవారు, అది ఆవిడ బాధ్యత. చెప్పలేదంటే అర్థం చేసుకోండి.

అది బయటికొస్తుందా అన్నదానికి ‘ఎప్పటికీ రాదు’ అని మాత్రం చెప్పలేను. 2017 చట్టం 23వ సెక్షన్ మీ విషయాలు రహస్యంగా ఉంచమంటోంది, మీ సైకాలజిస్ట్ తనంతట తాను ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. మీవారు వెళ్లి అడిగినా, వాళ్ల లాయరు ఫోన్ చేసినా చెప్పకూడదు. కానీ ఆ సెక్షన్‌లోనే మినహాయింపులూ ఉన్నాయి. ఎవరికైనా హాని జరగకుండా ఆపడానికి అవసరమైనంత వరకు చెప్పొచ్చు, అధికారం ఉన్నవాళ్లు ఆదేశిస్తే ఇవ్వాల్సి రావచ్చు. లాయరుతో మీరు మాట్లాడుకున్నదానికి సాక్ష్య చట్టంలో ఉన్నంత గట్టి రక్షణ సైకాలజిస్ట్‌తో మాట్లాడినదానికి లేదు. ఉండాలన్నది నా అభిప్రాయం. లేకపోతే కేసు నడుస్తున్నవాళ్లు చికిత్సకే రారు, వాళ్లకే అది ఎక్కువ అవసరం.

కాబట్టి చేయగలిగింది చేద్దాం. నోట్సు తెప్పించమని అవతలివాళ్లు అడిగితే మీ లాయరు అభ్యంతరం చెప్పాలి: ట్రీట్‌మెంట్ సమ్మరీ ఇచ్చాం, కస్టడీకి కావాల్సింది నిష్పక్షపాతమైన పరీక్ష, అంతరంగిక నోట్సు కాదు అని. విచారణ ఇన్ కెమెరా, అంటే గోప్యంగా, జరపమని మీరు కోరవచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరు కోరినా కోర్టు అలా జరపాల్సిందే. బయటివాళ్లు హాల్లో ఉండరు. ‘నా వైద్య రికార్డులన్నీ ఎవరికైనా ఇవ్వచ్చు’ అన్నట్టుండే కాగితం మీద ఎక్కడా సంతకం పెట్టకండి. ఏ కాగితం, ఎవరికి, దేనికోసం అన్నది స్పష్టంగా రాసి ఉంటేనే పెట్టండి. ఇంత చేసినా ఆ మాట బయటికొస్తే, దాన్ని వివరించగలిగేది మీ సైకాలజిస్టే. జబ్బు బాగా ఉన్న రోజుల్లో అన్న మాట అది, ఆ తర్వాత ఎలా కోలుకున్నారో ఆవిడ చెప్పగలరు. ఈలోపు మీరు ఆ వాక్యాన్ని తలచుకుని కుమిలిపోయే బదులు బాబు స్కూలు డైరీలు, టీకాల కార్డు, పేరెంట్ మీటింగులకి మీరు వెళ్లిన రికార్డు, జ్వరం వస్తే డాక్టరుకి చూపించిన చీటీలు ఒక ఫైల్లో పెట్టండి. కస్టడీలో కోర్టు చూసేది పిల్లాడి సంక్షేమం. రోజూ వాడి పని ఎవరు చూస్తున్నారన్నది ఈ కాగితాలు చెప్తాయి.

మీరు అడగలేదు గానీ చెప్పాలి. బాబు ఈ గొడవల మధ్య బెంగగా ఉంటే వాడికి వేరే చైల్డ్ సైకాలజిస్ట్‌ని చూడండి, మీ సైకాలజిస్ట్ దగ్గరికే తీసుకెళ్లకండి. ‘నాన్న గురించి చెప్పించి’ రిపోర్టు తెచ్చే ఉద్దేశంతో అసలు తీసుకెళ్లకండి. వీలైతే మీవారికి తెలియజేసి చూపించండి, లేకపోతే రేపు అదే ఒక ఆరోపణ అవుతుంది.

వచ్చే సెషన్‌కి వెళ్లినప్పుడు, లెటర్ రాయనన్నందుకు బాధపడ్డానని ఆవిడతోనే చెప్పండి. కోపం వచ్చి ఉంటే అదీ చెప్పండి, అలాంటివి వినడానికే ఆవిడ ఉన్నారు. తర్వాత రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. తన నోట్సులో ఏం రాస్తారు, ఎంత రాస్తారు? కోర్టు నుంచి సమన్లు వస్తే స్పందించే ముందు మీకు చెప్తారా? కేసు గురించి మీ లాయరు ఆవిడతో నేరుగా మాట్లాడకుండా, ఏం కావాలన్నా రాతపూర్వకంగా అడిగేలా చూసుకోండి. వాయిదాకి ముందు రోజు రాత్రి నిద్ర పట్టక మళ్లీ పాత లక్షణాలు కనపడితే సెషన్ దాకా ఆగకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే అది కూడా కేసులోకి లాగుతారేమోనని మానేయకండి. నిద్ర పట్టని మనిషి సాయం అడగడం ఏ కోర్టులోనూ తప్పు కాదు.